బోర్లించిన కొమ్ముచెంబు

అసర్ నమాజు ముగించుకుని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి మా చెల్లెలు ఖదీసుతో చెప్పాను. "ఇవాళ సాయంత్రం గడప దగ్గర నీళ్లు పెట్టకు."

ఖదీసు బియ్యప్పిండి పిసుకుతోంది. తలెత్తకుండానే, "ఎవరికి ఇక్కా?" అంది, అన్న మాట అర్థం కానట్టు.

"ఎవరికేమిటి? మీ ఆయనకి."

పిసుకుతున్న చెయ్యి ఆగింది. "నలభై ఏళ్లలో ఒక్క రోజు పెట్టకుండా లేను."

"అందుకే నెత్తికెక్కి కూర్చున్నాడు. ఒక్క రోజు పెట్టకపోతే వాడే దిగొస్తాడు."

ఆమె మళ్లీ పిండి మీద పడింది. ఆ ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఖదీసుకి ఇక్కాని, అంటే అన్నని; మిగతావాళ్లకి మేనమామను, అందులోనూ ఇంటికి పెద్ద మేనమామను.

తలశ్శేరిలో మాలాంటి పాత ఇళ్లలో ఆడపిల్ల గడప దాటి పోదు. మొగుడే సాయంత్రం పెళ్లాం ఇంటికి వస్తాడు, పొద్దున్నే తన అక్కచెల్లెళ్ల ఇంటికి పోతాడు. అతన్ని పుయ్యాప్ల అంటాం, అంటే కొత్త పెళ్లికొడుకు. పళ్లన్నీ ఊడినా కొత్త పెళ్లికొడుకే. అతను వచ్చే వేళకి గడప పక్కన కొమ్ముచెంబు నిండా నీళ్లుంటాయి. కాళ్లు కడుక్కుని, ఒక దగ్గు దగ్గి లోపలికి వెళ్తాడు. నీళ్లని అడగడు, అన్నమని అడగడు, ఏదీ అడగడు. అడిగితే పరువు పోయినట్టే. అలాగే అతన్ని పొమ్మని కూడా ఎవరూ అనరు. చెంబు బోర్లించి పెడతారు. సిగ్గున్నవాడు అది చూసి, తలుపు తట్టకుండా వెనక్కి తిరుగుతాడు.

మా అద్దుకి సిగ్గుందో లేదో ఇవాళ తేలాలి.

అద్దు నాకు రెండు విధాలా బావ. అతను మా ఖదీసును చేసుకున్న వారంలోనే నేను అతని చెల్లెలు బీఫాతును చేసుకున్నాను. కాబట్టి మా ఇంట్లో పగలు నేను పెద్ద, రాత్రి అతను అల్లుడు. వాళ్లింట్లో పగలు అతను పెద్ద, రాత్రి నేను అల్లుణ్ణి. నలభై ఏళ్లుగా రోజూ సాయంత్రం నేను అటు నడుస్తాను, అతను ఇటు నడుస్తాడు. సముద్రం ఒడ్డున పాత వంతెన మొదట్లో ఎదురుపడతాం.

గొడవంతా గది దగ్గర వచ్చింది. పోయిన నెల ఖదీసు మనవరాలికి నిఖా అయింది. కుర్రాడిది దుబాయిలో ఉద్యోగం. కొత్తవాడికి మంచి గది ఇవ్వాలి, పాతవాడు జరగాలి, అది మా ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. అద్దుని మెట్ల కింద గదికి మార్చమన్నాను. పెళ్లిళ్లకి బిర్యానీ వండే గుండిగలు పెట్టుకునే చోటు అది. గుండిగలు ఓ వైపు నెడితే మంచం పడుతుంది.

"అందులో ఇద్దరం ఎలా పడతాం ఇక్కా?" అంది ఖదీసు.

"ఇద్దరెందుకు? ముసలి అల్లుడికి ఎంత చోటు కావాలి? ఒక మనిషి పడుకునేంత చాలు. నువ్వు మనవరాళ్ల దగ్గర పడుకో. ఈ వయసులో నీకు కాపురం ఏమిటి?"

అద్దు ఒక్క మాట కూడా అనలేదు. నోరున్నవాడైతే కదా. ఆ రాత్రి చాప చంకన పెట్టుకుని వెళ్లి వీధి వసారాలో పరుచుకున్నాడు. మర్నాడూ అంతే. ఇశా నమాజుకి పోయేవాళ్లూ, వచ్చేవాళ్లూ, చేపల సైకిళ్లవాళ్లూ అందరూ చూశారు, మా తెక్కేపురం ఇంటి అల్లుడు వీధిలో పడుకున్నాడని. నాలుగు రోజుల్లో నా పరువు మసీదు మెట్ల మీదకెక్కింది. అందుకని ఇవాళ నీళ్లు బంద్.

ఐదున్నరకి తెల్ల లుంగీ మార్చుకుని, అత్తరు రాసుకుని బయల్దేరాను. ఖాళీ చేతులతో. పుయ్యాప్ల చేతిలో సంచీ ఉండకూడదు. ఇప్పటి కుర్రాళ్లకి ఇవేం తెలుసు? కారులో అత్తారింటి గుమ్మం దాకా వచ్చి, డిక్కీలోంచి పెట్టెలు దించుకుంటారు. అల్లుడు వస్తున్నాడా, సామాను వస్తోందా అన్నది తెలీదు. సందులోంచి నడిచి వచ్చే మొగుణ్ణి కిటికీ వెనకనుంచి చూసే సరదా వాళ్ల పెళ్లాలకి ఎలా తెలుస్తుంది?

మా సందు దాటగానే మిరియాల గిడ్డంగి. మా తాతది. ఇప్పుడు అందులో కాఫీ హోటలు. పాలు పొయ్యని సులైమాని టీని గాజు సీసాలో పోసి, ఒక పుదీనా రెమ్మ గుచ్చి ఇస్తారు. గోడకి తాత కాలపు తక్కెడ వేలాడదీసి, దాని మీద దీపం వెలిగించారు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ తక్కెడతో మా తాత ఎంతమందిని ముంచాడో తెలిస్తే దూరంగా జరుగుతారు. లోపల ఎలుకలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అప్పుడు మిరియాలు తినేవి కావు, ఇప్పుడు కేకులు తింటున్నాయి, అదొక్కటే అభివృద్ధి.

కోట దగ్గర ఎప్పటి తంతే. తుపాకులు పెట్టడానికి తెల్లవాడు గోడకి కంతలు తవ్వాడు; ఒక్కో కంతలో ఒక్కో జంట, గొడుగు అడ్డం పెట్టుకుని. ఎండా లేదు, వానా లేదు, ఆ గొడుగెందుకో అందరికీ తెలుసు. కోటకి ఊదారంగు దీపాలు పెట్టారు. పడిపోయిన గోడ కట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు, పడిపోయిన గోడకి దీపాలు మాత్రం వస్తాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

"పోక్కరిక్కా! అస్సలాము అలైకుం!"

నన్నే. షమీల్ అని ఒక కుర్రాడు. బీయే మూడుసార్లు తప్పి, ఇప్పుడు భుజానికి గోనెసంచీ లాంటిదొకటి తగిలించుకుని, ఊరు చూడవచ్చినవాళ్లని సాయంత్రం పూట తిప్పుతుంటాడు. వాడి వెనక ఆరుగురు. అందులో ఒకావిడకి చాటంత టోపీ.

"వీళ్లకి మీ గురించే చెబుతున్నా ఇక్కా. నలభై ఏళ్లుగా రోజూ పెళ్లాం ఇంటికి నడిచెళ్లే మనిషని. మీరు నడిచే వారసత్వం ఇక్కా!"

"నీ మొహం వారసత్వం. నీకు పెళ్లయిందా?"

"ఇంకా లేదు."

"ఎవడిస్తాడు నీకు?"

వాడు పళ్లికిలించి, నేనేదో ఆశీర్వదించినట్టు వాళ్ల భాషలో చెప్పాడు. అందరూ తలలూపారు. టోపీ ఆవిడ ఏదో అడిగింది. వాడు నాకేసి తిరిగి, "ఈరోజు మీతో పాటు గుమ్మం దాకా రావచ్చా అంటోంది. కొమ్ముచెంబుతో కాళ్లు కడుక్కోవడం చూడాలట," అన్నాడు.

ఒప్పుకోకూడదు. కానీ నిజం చెప్పాలి, లోపల కాస్త ఉబ్బాను. ఆ ఊదా దీపాల కోటకంటే చూడదగ్గవాణ్ణి నేనే కదా. "దూరంగా ఉండమను. మాటలొద్దు," అన్నాను, మీసం సవరించుకుంటూ.

అలా నేను ముందు, వెనక ఆరుగురూ షమీలూ. వంతెన దాకా వచ్చాం. వంతెన అంటే ఇప్పుడు సముద్రంలోకి పొడుచుకొచ్చిన తుప్పు ఇనుము. ఒకప్పుడు దాని మీదనుంచే మిరియాలు ఓడలకెక్కేవి. ఎక్కకూడదు, కూలుతుంది అని బోర్డు పెట్టారు. ఆ బోర్డుకే వీపు ఆనించి ఫోటోలు దిగుతున్నారు.

అద్దు వస్తున్నాడు. పొట్ట ముందు, మనిషి వెనక. చంకలో గొడుగు. చేతిలో కాగితం పొట్లం, వేయించిన పల్లీలు. నలభై ఏళ్లుగా మా చెల్లెలికి రోజూ ఒక పల్లీల పొట్లం పట్టుకెళ్తాడు. దాని పళ్లూ ఊడాయి, వీడి పళ్లూ ఊడాయి, పొట్లం మాత్రం ఆగలేదు. పెళ్లాం ఇంటికి పల్లీలు మోసుకెళ్లే అల్లుణ్ణి మలబారంతా వెతికినా ఇంకొకణ్ణి చూడం.

"ఏం బావా, ఇవాళ ఊరేగింపుతో బయల్దేరావ్?" అన్నాడు నా వెనక చూసి.

"మనల్ని చూడ్డానికి జనం ఖండాలు దాటి వస్తారు బావా. నిన్ను చూడ్డానికైతే వీధిలోవాళ్లు వస్తున్నారుగా, వసారాలో."

నవ్వాడు. తగిలినట్టు కూడా లేదు. "గాలి బాగుంది బావా అక్కడ. దోమలే కొంచెం."

"ఇవాళ దోమలు కుట్టవులే."

"ఎందుకూ?"

"ఊరికే అన్నా. వెళ్లు, వెళ్లు. చీకటి పడుతుంది."

పొట్లం చెయ్యి మార్చుకుని కదిలాడు. నేను ఆగి, వెనక్కి తిరిగి చూశాను. ఆ లావాటి వీపు నెమ్మదిగా కోట వైపు పోతోంది. ఇంకో ఐదు నిమిషాల్లో బోర్లించిన చెంబు ముందు నిలబడతాడు. పల్లీల పొట్లంతో. అది చూడలేకపోతున్నానే అని మాత్రం విచారం కలిగింది.

బీఫాతు వాళ్ల కడప్పురం ఇంటి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ ఇంట్లో నాది మేడ మీద సముద్రం వైపు గది. పెళ్లయిన ఏడాది నుంచీ అదే. ఆ ఇంట్లో ఆ తర్వాత తొమ్మిది నిఖాలయ్యాయి, తొమ్మిదిమంది కొత్తవాళ్లొచ్చారు. నన్ను ఒక్క అడుగు కూడా జరపలేదు. మనిషి హోదా అలాంటిది. అద్దు ఆ ఇంటికి మేనమామే అయినా, నన్ను జరపాలంటే వాడికి గుండె చాలాలి కదా.

గేటు తీశాను. వెనక షమీల్ గొంతు తగ్గించి, ఇదిగో ఇప్పుడు చూడండి అన్నట్టు చేతులు ఊపుతున్నాడు. ఫోన్లు పైకి లేచాయి. నేను వీలైనంత నెమ్మదిగా మెట్లెక్కాను. చెప్పులు విడిచాను. వంగాను.

చెంబు బోర్లించి ఉంది.

తళతళలాడుతోంది. చింతపండుతో తోమి, నీళ్ల చుక్క లేకుండా తుడిచి, కొమ్ము గోడకేసి తిప్పి మరీ పెట్టారు. పొరపాటున పెట్టింది కాదు.

నా చెవులు వేడెక్కాయి. వెనక ఏడుగురు. సిగ్గున్నవాడు వెనక్కి తిరుగుతాడని ఇందాక నేనే అన్నాను. కానీ వెనక్కి తిరిగితే ఆ ఫోన్లన్నీ నా మొహం మీదే. రేపటికి ఊరు ఊరంతా, దాటితే ఖండాలు. ఏం చెయ్యను? చెంబు తీసి నిలబెట్టాను. కొమ్ము పట్టుకుని కుడి కాలి మీదకి వంచాను. ఎడమ చేత్తో కాలు రుద్దాను. తర్వాత ఎడమ కాలు. పొడి చెయ్యి, పొడి కాలు, మధ్యలో దుమ్ము. బతుకులో ఇంత నిష్ఠగా ఎప్పుడూ కాళ్లు కడగలేదు.

టోపీ ఆవిడ ఏదో అంది. షమీల్ ఇబ్బందిగా దగ్గాడు. "ఇక్కా... నీళ్లు కనిపించడం లేదు అంటోంది."

అప్పుడు తలుపు తెరుచుకుంది. బీఫాతు. చేతిలో నిండు బిందె. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆమె పొయ్యలేదు. బిందెను నడుముకి ఆనించుకుని గడపకి లోపలే నిలబడింది.

"ఏంటిది?" అన్నాను పళ్ల మధ్యనుంచి. "మీ అన్న చెప్పాడా ఇలా చెయ్యమని? ఇప్పుడే కనిపించాడు, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ పోయాడు దొంగ!"

"మా అన్న నిజంగానే ఏమీ ఎరగడు. ఖదీసు ఫోన్ చేసింది నాకు, మీరు చెప్పిన మరుక్షణం."

"దానికి బుద్ధి లేదు. వాడొచ్చి గడప దగ్గర నిలబడితే అదే తెలుస్తుంది."

"నిలబడ్డాడు. ఇందాకే మళ్లీ ఫోన్ చేసింది. నీళ్లు పెట్టే ఉన్నాయట. కడుక్కున్నాడు, లోపలికెళ్లాడు, టీ తాగుతున్నాడు. పల్లీలు ఇద్దరూ తింటున్నారట."

నా ఇంట్లో, నా చెల్లెలు, నా మాట కాదని. ముసలితనంలో ఆ ముసలివాడికి టీ.

"మీ ఇంటి విషయం మీకు చెప్పేదేముంది, అమ్మ పుట్టిల్లు మేనమామ ఎరగడా?" అంది బీఫాతు. "కానీ ఈ ఇంటి విషయం మీకు తెలీదు, అది చెప్తాను. మేడ మీద గది మీ గొప్ప చూసి ఉంచారనుకున్నారా ఇన్నేళ్లూ? నిఖా అయిన ప్రతిసారీ మా ఇంటి ఆడపిల్లలు ఆ గది అడిగారు. ప్రతిసారీ మా అన్న వాళ్లని బతిమాలుకున్నాడు. మీకు పొద్దున్నే సముద్రం కనపడకపోతే రోజంతా చిరాగ్గా ఉంటారని, అది నామీద పడుతుందని. తొమ్మిదిసార్లు బతిమాలాడు. మీరు ఆయన్ని గుండిగల పక్కన పడుకోబెట్టారు. మా వదినని వేరే మంచమెక్కించారు."

"జనం చూస్తున్నారు. పొయ్యి."

"అడగండి."

"ఏంటీ?"

"అడగమంటున్నా. నలభై ఏళ్లు మీరు అడక్కుండానే పోశాను. ఇవాళ అడగండి."

"నేను పుయ్యాప్లని. అడుగుతానా?"

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కేశారు, ఇంక అడిగి కడుక్కోవాల్సిందే. లేదంటే గేటు తీసే ఉంది."

గేటు దగ్గర అందరూ ఉన్నారు. ఆ సమయానికి మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. షమీల్ తల దించుకున్నాడు. ఆ ఒక్క మంచి పని చేశాడు వాడు జీవితంలో. టోపీ ఆవిడ మాత్రం ఫోన్ దించలేదు.

"నీళ్లు," అన్నాను.

"ఎవరినో అన్నట్టుంది."

"బీఫాతూ, నీళ్లు పొయ్యి."

పోసింది. చల్లటి నీళ్లు. దుమ్ము బురదై మెట్ల మీద కారింది. గేటు దగ్గర వాళ్లు సంతోషంగా ఏదో అనుకున్నారు. ఇదీ ఆచారంలో భాగమేనని షమీల్ చెప్పి ఉంటాడు. ఆలుమగల అన్యోన్యం అని కూడా చెప్పి ఉంటాడు, బీయే తప్పినవాడికి ఆ మాత్రం అబద్ధాలు వచ్చు. వాళ్లు వెళ్లిపోయారు.

నేను దగ్గాను, అలవాటుగా. లోపలికి వెళ్లి మేడ మెట్ల మీద కాలు పెట్టబోయాను.

"అటు కాదు," అంది బీఫాతు.

మెట్ల కింద చిన్న తలుపు తెరిచి ఉంది. లోపల బిర్యానీ గుండిగలు, ఆరు, ఒకదాంట్లో ఒకటి. వాటిని ఓ వైపుకి నెట్టి నా మంచం వేశారు. నా దిండు, నా దుప్పటి, నా మాత్రల డబ్బా. అన్నీ పద్ధతిగా సర్దారు.

"మరి నువ్వు?" అన్నాను.

"నేను మనవరాళ్ల దగ్గర. ఈ వయసులో మనకి కాపురం ఏమిటి?" ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు. "ముసలి అల్లుడికి ఎంత చోటు కావాలి? ఒక మనిషి పడుకునేంత చాలు."

ఖదీసు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పిందన్నమాట ఫోనులో.

మంచం మీద కూర్చున్నాను. కాళ్లు చాపితే గుండిగకి తగిలి ఖంగుమంది. ఇంటిల్లిపాదికీ వినిపించి ఉంటుంది. ముడుచుకున్నాను. మోకాళ్లు నొప్పి. అద్దు పొట్టకి ఇందులో చోటెక్కడ, అని మొదటిసారి అనిపించింది. జేబులోంచి ఫోన్ తీసి ఖదీసుకి చేశాను.

"అద్దుకి వాడి పాత గది ఇచ్చెయ్యి," అన్నాను, అప్పుడే తోచినట్టు. "కొత్తవాణ్ణి ఎక్కడన్నా సర్దు."

"మధ్యాహ్నమే ఇచ్చేశాను ఇక్కా. కొత్త పెళ్లికొడుకే అడిగాడు, పెద్దాయన్ని వీధిలో పడుకోబెట్టి నాకు నిద్రెలా పడుతుందని. దుబాయి వాడికున్న బుద్ధి..." అని ఆపేసింది. మిగతాది చెప్పాల్సిన పని లేదు. "పెట్టేస్తున్నా ఇక్కా. పల్లీలు మెత్తబడిపోతాయి."

అంటే నేను క్షమించడానికి కూడా ఏమీ మిగల్చలేదు. నా ఆజ్ఞ వల్ల మారిన గది ఊరు మొత్తం మీద ఒక్కటే, నాది.

నా తల మీదుగా ఎవరో మెట్లెక్కుతున్నారు. ఒక్కో మెట్టు దగ్గర కాస్త ఆగి, ఎడమ మోకాలు పట్టుకుని. బీఫాతు. నలభై ఏళ్లు ఆ అడుగుల చప్పుడు పైనుంచి విన్నాను, గదిలో పడుకుని, నా వైపు వస్తుంటే. కిందనుంచి వినడం ఇదే మొదలు. అవి పోతున్నాయి. పైన మనవరాళ్లు నవ్వారు. తలుపు మూసుకుంది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది, ఎందుకు దాచాలి.

చాప చుట్టుకుని వీధి వసారాలోకి పోయి పడుకోవచ్చు. అద్దు అదే చేశాడు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా, నాలుగు రాత్రులు, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా పడుకున్నాడు. చాప అందుకున్నాను కూడా. లేచాను, నెత్తి మెట్టుకి కొట్టుకుంది, మళ్లీ కూర్చున్నాను. రేపు సాయంత్రం షమీల్ ఇంకో ఆరుగురిని వెంటబెట్టుకొస్తాడు.

అద్దు లాంటి సిగ్గులేనివాడికే చేతనవుతుంది అది. నాకు అంత ధైర్యం లేదు.